ట్రైలర్ కింద స్టెపినీ

ఆ ట్రైలర్‌ను కట్టింది హుమాయున్. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మొదట్లో ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత జీపుకు తగిలించి లాగేలా, రెండు చక్రాల మీద ఒక చిన్న గదిని నాలుగు నెలలు కష్టపడి తయారుచేశాడు. లోపల కాన్పుకు ఇనుప మంచం, నేను పడుకోవడానికి ఒక బల్ల, మందుల బీరువా, కిరసనాయిలు స్టవ్వు, నీళ్ల డ్రమ్ము. ముందు గోడకు కిటికీ, వెనక తలుపు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్లయినా పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు కష్టమైతే ఎద్దులబండే గతి. నూనెమిల్లు ఉన్న ఒక పెద్దాయన తన తల్లి పేరిట ట్రస్టు పెట్టి ఈ తిరిగే కాన్పుల గదిని చేయించాడు.

నేను అందులో నర్సును. పేరు రుక్మిణి. మాది ఖాజీపేట, మా నాయన అక్కడ బడిపంతులు. డ్రైవరు సంజీవయ్యది సింహాద్రిపురం పక్క పల్లె. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, లారీల మీద తిరిగి డ్రైవింగు నేర్చుకున్నవాడు. మా ఇద్దరి మీద మేనేజరు సీతాపతి గారు. తెల్లటి పంచె, జేబులో రెండు కలాలు, ఎవరితోనైనా మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన ఒక్కసారి గొంతు పెంచినా నాకు ఇంత కోపం ఉండేది కాదేమో.

జీపు కొక్కేనికి తగిలే ఇనుప దూలాన్ని మేమంతా నొగ అనేవాళ్లం, ఎద్దులబండి నొగ లాగానే ఉంటుంది కాబట్టి. హుమాయున్ స్టెపినీ చక్రాన్ని ఆ నొగ మీదే, ముందు గోడకు ఆనించి నిలువుగా బిగించాడు. రెండు నట్లు తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. కానీ అది కిటికీకి అడ్డం. కిటికీ కింద రంగులతో రాయించిన ట్రస్టు పేరులో పెద్దాయన తల్లి పేరు ఉన్న చివరి వరుసకు కూడా అడ్డం.

అది చైత్రమాసం. కడప జిల్లా ఎండ. ఇంకా ప్రారంభోత్సవం కాకముందే, అలవాటు కావడానికని రెండు వారాలు ఊళ్ల వెంట తిరిగాం. లోపల రేకు కాలి, ముందు కిటికీలోంచి గాలికి బదులు రబ్బరు వాసన వచ్చేది. వారం వారం మేనేజరుకు పంపే రిపోర్టు కింద నేను మూడు వాక్యాలు రాశాను: "ముందు కిటికీకి స్టెపినీ చక్రం అడ్డముగా ఉన్నది. గాలి రావడం లేదు. వీలైనచో వేరొక చోటికి మార్పించగలరు."

ఆ మూడు వాక్యాలు ఇప్పటికీ నాకు అక్షరం తప్పకుండా గుర్తున్నాయి.

సీతాపతి గారు ఆ కాగితం పట్టుకుని మర్నాడే షెడ్డుకు వచ్చారు. నేనూ సంజీవయ్యా అక్కడే ఉన్నాం.

"వెనక గోడకు పెట్టు హుమాయున్. బస్సులకు వెనక ఉండదా ఏంది?"

హుమాయున్ చేతిలో పానా కింద పెట్టాడు. "బస్సుకు నాలుగు దిక్కులా చక్రాలుంటాయి సార్. ఇది రెండు చక్రాల బండి. ఎద్దులబండిలో బరువంతా ఎనకేస్తే ఏమయితాది? నొగ లేచి ఎద్దుల గొంతుకు పడతాది. ఈడ ఎద్దుల్లేవు, జీపుండాది, అంతే తేడా. నీళ్లడ్రమ్ము ఎనకుండాది, మంచం ఎనకుండాది. దానికి సరిపోవాలనే చక్రం ముందర పెడితి."

"ఒక చక్రం బరువుకే మునిగిపోతుందా?"

"మునగదు, ఊగుతాది. పాము మాదిరి ఊగుతాది."

"పెద్దాయన అమ్మగారి పేరు చక్రం చాటున పడి ఉంటే, రేపు ఫోటో తీసేటప్పుడు నేనేమని చెప్పేది? పైగా ఇది నా మాట కాదప్పా. నర్సమ్మే రాసి ఇచ్చింది," అని సీతాపతి గారు నా కాగితం చూపించారు.

హుమాయున్ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. తన చేత్తో చక్రాన్ని వెనక్కి మార్చనన్నాడు హుమాయున్. సీతాపతి గారు వాదించలేదు. ట్రైలర్‌ను ఇంకో షెడ్డుకు తోలించి, వెనక గోడకు బిగింపించారు.

మరుసటి రోజే మైదుకూరు రోడ్డు మీద ట్రైలర్ ఊగింది. జీపు కొంచెం వేగం అందుకోగానే వెనక గది ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. సంజీవయ్య బ్రేకు తొక్కితే ఇంకా ఎక్కువైంది. ఎదురుగా వస్తున్న వేరుశనక్కాయల బండి రోడ్డు దిగి పొలంలోకి పోయింది. మేం ఆగేసరికి బీరువాలో సీసాలు సగం పగిలి, డెట్టాలు నేలంతా పారుతోంది. సంజీవయ్య దిగి వచ్చి ఆ పెంకులు చూశాడు. తర్వాత, "మేనేజర్ను లోపల కూర్చోబెట్టి ఒకసారి తోల్తా. అప్పుడు తెలుస్తాది," అన్నాడు.

అప్పుడైనా చక్రం మళ్లీ ముందుకు రావలసింది. రాలేదు. సీతాపతి గారు మెల్లగా ఆలోచించి, "అయితే అడుగున పెడదాం. ఎవరి కంటికీ కనపడదు," అన్నారు. ఈసారి హుమాయునే పిలవకుండా వచ్చాడు. ఆ పని చేస్తున్న షెడ్డు ముందు నిలబడి అరిచాడు.

"అడుగున పెడితే ఊగదు. అబద్ధం యాల చెప్పాల? కానీ ఆ రెండు చక్రాల్లో ఒకటి దిగితే ట్రైలర్ ఆ పక్కకు కుంగుతాది. కుంగినంక కిందుండేదాన్ని యాడనుంచి లాగుతారు? సింహాద్రిపురం రేగడి ఎట్లుంటాదో ఈ సార్‌కు తెల్దు. అందులో జాకీ నిలబడదు. రాళ్లు తగిలి నట్లు అరిగిపోతాయి. దుమ్ములో పోయే బండికి స్టెపినీ కడుపు కింద కట్టేదేంది?"

"నీ బిల్లు ఇచ్చేశాం కదా హుమాయున్. ఇంక నీకెందుకు?" అన్నారు సీతాపతి గారు, చాలా మర్యాదగా.

నేను అదంతా విన్నాను. కిటికీ తెరుచుకుంటుంది కదా అని ఊరుకున్నాను. ప్రారంభోత్సవం రోజున పూలదండలు వేసిన ముందు గోడ దగ్గర అందరం నిలబడ్డాం. పెద్దాయన తల్లి పేరు ఫోటోలో చక్కగా వచ్చింది. లోపలికి చల్లటి గాలి కూడా వచ్చింది.

వేసవి పోయి వానలు పడ్డాయి. ఆశ్వయుజంలో సింహాద్రిపురం అవతల ఒక పల్లెలో మకాం వేశాం. రెండో రోజు పొద్దున తొమ్మిదింటికి అంకాలమ్మ అనే ఆమె వచ్చి నన్ను చేయి పట్టి లాక్కుపోయింది. ఆమె కూతురు యల్లమ్మకు తెల్లవారుజాము నుంచి నొప్పులు. తొలి కాన్పు. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. బిడ్డ అడ్డం తిరిగింది. చిన్న చేయి ఒకటి బయటికి వచ్చి ఉంది. ఆ స్థితిలో నా చేతిలో ఏమీ లేదు. ఆపరేషన్ చేసే డాక్టరు కావాలి, అంటే జమ్మలమడుగు ఆస్పత్రి. చెక్క గొట్టం పొట్టకు ఆనించి విన్నాను. బిడ్డ గుండె గట్టిగా కొట్టుకుంటోంది.

"మధ్యాహ్నానికి ముందరే చేరుస్తా," అన్నాడు సంజీవయ్య. యల్లమ్మను ఇనుప మంచం మీద పడుకోబెట్టి, అంకాలమ్మను పక్కన కూర్చోబెట్టి బయలుదేరాం. నల్లరేగడి బాట. గతుకు గతుకుకూ యల్లమ్మ నా మణికట్టు పట్టుకుని పిసికేది. అరవలేదు. పళ్లు బిగించి, "ఇంకెంత దూరముండాదక్కా," అని మాత్రం అడిగేది.

ముద్దనూరు ఇంకా దూరం ఉందనగా ఒక వంక, చిన్న వాగు, దాటాలి. నీళ్లు పలచగానే ఉన్నాయి. కింద రాయి ఉన్నది కనపడలేదు. గట్టు ఎక్కుతుండగా తుపాకీ పేలినట్టు శబ్దం. ఎడమ చక్రం పగిలి ట్రైలర్ ఆ పక్కకు ఒరిగింది. మంచం గోడకు జారింది.

టైము పదకొండూ ఐదు.

సంజీవయ్య అప్పటికే కింద పడుకుని ఉన్నాడు. ట్రైలర్ అడుగుకు, బురదకు మధ్య మూరెడు సందు లేదు. స్టెపినీ ఆ సందులో ఇరుక్కుని ఉంది. జాకీ పెడితే జాకీ బురదలోకి దిగిపోయింది. వంకలోంచి బండ తెచ్చి దాని కింద వేశాడు. బండా దిగిపోయింది. ఇంకో బండ తెచ్చాడు.

"పది నిముషాలమ్మా," అన్నాడు.

బిడ్డ గుండె విన్నాను. బాగానే ఉంది.

జీపు విప్పి అందులో వేసుకుని పోదామా అన్న ఆలోచన నాకు అప్పుడే వచ్చింది. కానీ చేయి జారిన కాన్పులో జీపు వెనక కుదుపులకు గర్భసంచి చిట్లితే తల్లీ పోతుంది. మంచం మీద పడుకోబెట్టి తీసుకుపోవడమే క్షేమం అనుకున్నాను. పది నిమిషాలే కదా. పైగా ట్రైలర్‌ను ఎక్కడా వదిలి రాకూడదని సీతాపతి గారు రాతపూర్వకంగా ఇచ్చిన ఉత్తర్వు సంజీవయ్య జేబులో ఉంది.

ట్రైలర్ ఎట్లాగో కాస్త లేచింది. నాలుగు నట్లలో రెండు ఊడాయి. మిగతా రెండూ రాళ్లకు రాసుకుని అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. పానా పట్టదు, జారుతుంది. జారినప్పుడల్లా సంజీవయ్య వేళ్ల కణుపులు ఇనుముకు కొట్టుకుని చర్మం ఊడొచ్చింది. బురదలో వెల్లకిలా పడుకుని ఆయన చక్రాన్ని, చక్రాన్ని చేసిన వాణ్ని, అక్కడ పెట్టించిన వాణ్ని వరసగా తిట్టాడు. మళ్లీ, "పది నిముషాలు," అన్నాడు. నేనూ యల్లమ్మతో అదే మాట అన్నాను.

పన్నెండు గంటలకు గుండె చప్పుడు పలచబడింది.

అంకాలమ్మ కిందికి దిగి, చీర ఎగగట్టి, సంజీవయ్య కాళ్ల పక్కన కూర్చుని ఉత్త చేతుల్తో బురద తోడుతోంది. "కింద కడతారా యాడన్నా! ఏ ముండాకొడుకు కట్టినాడప్పా దీన్ని ఈడ!" అని ఏడుస్తూ అరిచింది. నేను పైన మంచం పట్టుకుని వింటున్నాను. ముందు కిటికీలోంచి గాలి నా ముఖానికి తగులుతోంది.

పన్నెండూ నలభైకి సంజీవయ్య పానా విసిరేశాడు. "ఉత్తర్వూ వద్దు, గిత్తర్వూ వద్దు. జీపులో ఏసుకోని పోదాం. ఉద్యోగం పోతే పోనీ." కానీ ట్రైలర్ ఒరిగి ఉండడంతో కొక్కెం మెలిపడి బిగుసుకుంది. దాన్ని బండతో కొట్టి విడిపించేసరికి ఇంకో పావుగంట. పరుపు జీపులో పరిచాం. అంకాలమ్మ తల పట్టుకుంది, నేను నడుము పట్టుకున్నాను. ముద్దనూరు దాటాక మళ్లీ గొట్టం పెట్టి విన్నాను. జీపు మోతలో వినపడలేదేమోనని ఆపమన్నాను. సంజీవయ్య ఇంజను ఆపాడు. చుట్టూ చేలు, ఎక్కడా చప్పుడు లేదు. గొట్టంలో కూడా లేదు.

జమ్మలమడుగులో డాక్టరు తల్లిని బతికించాడు. చేతులు కడుక్కుంటూ, "బిడ్డ ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉందమ్మా. గంట ముందు వచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాళ్లం," అన్నాడు. ఆయన నన్ను తప్పు పట్టలేదు. ఆ వరండాలో నేల మీద కూర్చున్న సంజీవయ్య చేతుల నిండా ఎండిన బురద, నెత్తురు. అవి అట్లాగే చాపుకుని, "నేను ముందే జీపు ఇప్పాల్సింది," అన్నాడు. వద్దనుకున్నది నేను.

పది రోజుల తర్వాత మిల్లు ఆఫీసు వరండాలో విచారణ పెట్టారు. పెద్దాయన పడక్కుర్చీలో కూర్చున్నాడు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. సీతాపతి గారు నిలబడి రిపోర్టు చదివారు. డ్రైవరు స్టెపినీ నట్లకు ఎప్పటికప్పుడు గ్రీజు పూయలేదు. ఉత్తర్వుకు విరుద్ధంగా ట్రైలర్‌ను వంకలో వదిలి పోయాడు. కనుక సంజీవయ్యను తొలగించడమైనది. చక్రం అడుగున ఎందుకు పెట్టించారని పెద్దాయన అడిగితే, సీతాపతి గారు నా కాగితం తీసి చదివారు. "గాలి రావడం లేదు. వీలైనచో వేరొక చోటికి మార్పించగలరు." మడిచి పెట్టి, "నర్సమ్మ సౌకర్యం కోసమే మార్చాం," అన్నారు.

నాకు ముందు సిగ్గు వేసింది. ఆ సిగ్గులోంచే కోపం లేచింది. కళ్లు చీకట్లు కమ్మేంత కోపం.

"అవును, రాశాను," అన్నాను. "అడుగున పెట్టమని రాయలేదు. హుమాయున్ ఎంత మొత్తుకున్నా విని ఊరుకున్నాను, అది నా తప్పు. మీది మాత్రం ఎవరి మీదకి తోస్తున్నారు?"

"ఆవేశపడకమ్మా. నట్లకు గ్రీజు పూసి ఉంటే..."

నేను వరండా దిగిపోయాను. వంకలోంచి ఈడ్చుకొచ్చిన ట్రైలర్ మిల్లు ఆవరణలోనే ఉంది. పగిలిన చక్రం చోట వేరే చక్రం వేశారు. అడుగున స్టెపినీ కదల్లేదు. ఎడమ చక్రం ముందు కూర్చుని గాలి మూత విప్పి, పుల్లతో లోపలి మేకును నొక్కి పట్టాను. బుస్సుమని గాలి పోతుంటే మిల్లు కూలీలు పని ఆపి చూశారు. ఎవరూ ఆపలేదు. ట్రైలర్ మెల్లగా ఒరిగింది. టూలు పెట్టెలోంచి జాకీ, పానా తెచ్చి సీతాపతి గారి కాళ్ల దగ్గర పడేశాను.

"ఇది గట్టి నేల. వాన లేదు. లోపల చచ్చిపోతున్న మనిషి లేదు. తీయండి సార్. నేను గడియారం చూస్తుంటాను."

"ఇదేం పద్ధతి?" అని ఆయన పెద్దాయన వైపు చూశారు.

పెద్దాయన పడక్కుర్చీలోంచి లేచి వచ్చాడు. "తీయప్పా," అన్నాడు. "నేనూ చూస్తా, ఎంత సేపయితాదో."

సీతాపతి గారు పంచె ఎగగట్టి కిందికి దూరారు. జాకీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఎవరూ చెప్పలేదు. పానా రెండుసార్లు జారింది. మూడోసారి ఆయన "అబ్బా" అని చేయి వెనక్కి లాక్కుని, దుమ్ము కొట్టుకున్న పంచెతో బయటికి వచ్చారు. పదకొండు నిమిషాలయింది. ఒక్క నట్టు కదల్లేదు.

"సంజీవయ్య గంటన్నర చేశాడు," అన్నాను. "బురదలో."

పెద్దాయన తొలగింపు కాగితం అడిగి తీసుకుని చింపేశాడు. "మా అమ్మ పేరు కనపడాలని నేను ఎవరితోనూ అనలేదే," అన్నాడు ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా. అదే నన్ను ఇంకా మండించింది. ఎవరూ అడగని దానికి ఒక బిడ్డ పోయింది. సీతాపతి గారి ఉద్యోగం పోలేదు. పుస్తకాల పనికి మార్చారు, అంతే. సంజీవయ్య మాత్రం తిరిగి స్టీరింగు పట్టలేదు. "పోతానమ్మా. నాకు గొర్లుండాయి. వాటికి ఉత్తర్వులుండవు," అని ఆ సాయంత్రమే పులివెందుల బస్సెక్కాడు.

ట్రైలర్‌ను హుమాయున్ షెడ్డుకు తోలించారు. ఆయన నాతో మాట్లాడకుండానే చక్రాన్ని మళ్లీ నొగ మీదికి తెచ్చాడు. తర్వాత ముందు కిటికీని రేకుతో మూసేసి, పక్క గోడకు కొలత పెట్టి కొత్త కిటికీ కోయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి అయిపోయింది. లోపల నిలబడితే గాలి మునుపటికంటే బాగా వచ్చింది.

"చూసినావా?" అన్నాడు. "అరపూట పని. గాలి రాలేదని ఆ మేనేజర్‌కు రాసిన దానివి, కట్టిన నాకు ఒక మాట చెప్పింటే అరపూటలో చేసిస్తుంటి గదమ్మా! యాల చెప్పలేదు నాకు?"

మెకానిక్కుతో మాట్లాడాలన్న ఆలోచనే నాకు రాలేదు. చదువుకున్నదాన్ని కదా, కాగితం మీద రాశాను.

ఆ నెలాఖరులో కొత్త డ్రైవరుతో సింహాద్రిపురం వైపు పోయినప్పుడు నేను అంకాలమ్మ ఇంటికి వెళ్లాను. గడప బయటే నిలబడి ఉన్నదంతా చెప్పాను, నేను రాసిన మూడు వాక్యాలతో సహా. ఆమె మొదట అర్థం కానట్టు చూసింది.

"నీకు గాలి కావాల్సి వచ్చిందా?" అంది.

తర్వాత వీధంతా వినేలా తిట్టింది. నన్ను, నా చదువును, నా తెల్లచీరను. జనం గుమిగూడారు. నేను కదలకుండా నిలబడ్డాను. ఆమెకు ఊపిరాడక ఆగింది. నీళ్లకని లోపలికి పోయింది.

అప్పుడు గుడిసె వెనక నుంచి యల్లమ్మ వచ్చింది. చిక్కిపోయి ఉంది. తల్లి వైపు ఒకసారి చూసి, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"అక్కా, మాయమ్మ అది బిడ్డే కాదంటాది. ఉత్త మాంసం ముద్దంటాది. నాకు సూపీలేదు. నువ్వు సూసినావా?"

"చూశాను."

"బిడ్డేనా?"

"బిడ్డే. ఆడబిడ్డ. అన్నీ సరిగ్గా ఉన్నాయి."

"ఎంటికలుండెనా?"

"చాలా ఉన్నాయి. నల్లగా, చెవుల దాకా."

యల్లమ్మ తల ఊపింది. కళ్లలో నీళ్లు లేవు. పెదవులు బిగించి, ఆ రోజు ట్రైలర్‌లో నా మణికట్టు పట్టుకున్నంత గట్టిగా గుడిసె గుంజను పట్టుకుంది.

"సరే," అంది. "ఇంక పో అక్కా. మళ్లా మా ఇంటికి రావద్దు."

నేను వచ్చేశాను.